సీసాలెన్నో వెళ్లాయి

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఎన్నో విశ్వవిద్యాలయాలు పనిచేశాయి. ఒకరి లెక్క ఇంకొకరికి పనికొచ్చే రోజు మాత్రం ఆలస్యంగా వచ్చింది, అదీ సగమే.

కవిటి, సోంపేట, కంచిలి వైపు ఏ ఊరి అరుగుమీద కాసేపు కూర్చున్నా ఒక పలకరింపు చెవిన పడుతుంది: ‘ఏటి బావా, క్రియాటిన్ ఎంతొచ్చింది?’ మిగతా చోట్ల షుగరెంత, బీపీ ఎంత అని అడుగుతారు. ఇక్కడ బడి గడప తొక్కని ముసలమ్మకి కూడా ఆ అంకె రెండు దాటితే ఏమవుతుందో, ఐదు దాటితే ఎక్కడికి పరిగెత్తాలో తెలుసు. ఆధార్ కార్డూ, బియ్యం కార్డూ దాచుకునే పాలిథీన్ సంచిలోనే రక్తపరీక్షల కాగితాలూ ఉంటాయి. సోంపేట ఆసుపత్రిది ఒకటి, విశాఖ కేజీహెచ్‌ది ఒకటి, బరంపురంలో ఏదో ప్రైవేటు ల్యాబుది ఇంకొకటి. వాటి అడుగున, పరిశోధన కోసమని ఎవరో ఊళ్లోకే వచ్చి రక్తం తీసుకెళ్లినప్పుడు ఇచ్చిన చీటీ. పై మూడు కాగితాల మీదా ఫలితం ఉంటుంది. ఆ చీటీ మీద పేరు, వరస నంబరు, తేదీ. అంతే.

ఈ కథనం ఆ చీటీ గురించి.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఒకవైపు సముద్రం, ఇంకోవైపు మహేంద్రగిరి కొండల వరస. మధ్యలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళ్లు చల్లబడే నేల ఇది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసిందాకా, ఉద్దానం అంటే బయటివాళ్లకి పచ్చదనమే గుర్తొచ్చేది. లోపలివాళ్లకి మాత్రం అప్పటికే రెండు దశాబ్దాలుగా వేరే సంగతి గుర్తొస్తోంది. 1990ల చివర నుంచి ఈ ఊళ్లలో మధ్యవయసు మనుషులు కిడ్నీలు పాడై చనిపోతూ వచ్చారు. మామూలుగా కిడ్నీని తినేసేది మధుమేహం, లేదంటే రక్తపోటు. వీళ్లలో చాలామందికి ఆ రెండూ లేవు. కాళ్లు వాచవు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, నొప్పి ఉండదు. ఆకలి తగ్గిందనో, నీరసమనో ఆసుపత్రికి వెళ్లేసరికి కిడ్నీ ముప్పాతికపాళ్లు చచ్చిపోయి ఉంటుంది. దెబ్బ తగిలేది కిడ్నీలో వడపోత జరిగే గుచ్ఛాలకి కాదు, వాటి వెనక ఉండే సన్నని నాళాలకీ, వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ. కారణం తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అని వైద్యులు దీనికి పేరు పెట్టారు. పెళ్లి సంబంధాలు కుదుర్చుకునేవాళ్లు ఊరి పేరు విని వెనక్కి తగ్గడం ఇక్కడ అందరికీ తెలిసిన బాధే.

కారణం వెతకడానికి మనుషులు రాలేదని ఎవరూ అనలేరు. నీళ్ల మీద అనుమానంతో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన డి.వి.రెడ్డి, ఆయన సహచరుడు రాష్ట్రంలో రెండు తీర జిల్లాల తాగునీటిని పరీక్షించి 2013లో పత్రం ప్రచురించారు. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల నెఫ్రాలజీ విభాగం కేజీహెచ్‌కి వచ్చే ఉద్దానం రోగుల్ని ఏళ్లుగా చూస్తూనే ఉంది. 2016లో అనిర్బన్ గంగూలీ అమెరికన్ కిడ్నీ వ్యాధుల పత్రికలో ఉద్దానం గురించి రాసిన వ్యాసానికి శీర్షికలోనే ‘మరింత పరిశోధన కోసం విన్నపం’ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. వైద్య పత్రికలో విన్నపం అనే మాట వాడాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

2017లో సంగతి ఒక్కసారిగా రాష్ట్రం కళ్లముందుకొచ్చింది. జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి రోగుల్ని కలిశారు. జులై చివర్లో హార్వర్డ్ వైద్య కళాశాల నుంచి జోసెఫ్ బాన్‌వెంట్రే, తెలుగువాడైన వెంకట్ సబ్బిశెట్టి విశాఖ వచ్చారు. బాన్‌వెంట్రే మామూలు అతిథి కాదు. కిడ్నీ నాళాలు దెబ్బతిన్నప్పుడు పుట్టే కిమ్-1 అనే ప్రొటీన్‌ని 1998లో గుర్తించింది ఆయన బృందమే. ఆ ప్రొటీన్‌ని రక్తంలో కూడా కొలవచ్చని 2014లో చూపించిన పత్రానికి మొదటి రచయిత సబ్బిశెట్టి. అంటే ఉద్దానం జబ్బు దెబ్బతీసే చోటు మీదే జీవితమంతా పనిచేసినవాళ్లు వచ్చారన్నమాట. రాష్ట్ర ప్రభుత్వం కూడా సంచార బృందాల్ని పంపి లక్షమందికి పైగా రక్తం పరీక్షించింది. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు కలిగిన అనుమానం ఒక్కటే: ఇన్నాళ్లూ తీసిన రక్తం, మూత్రం, నీళ్ల సీసాల లెక్కలన్నీ ఒక్క బల్ల మీద పెడితే కలుస్తాయా?

కలవవు. ఎందుకు కలవవో అర్థం కావాలంటే, ఊరి అరుగు మీద క్రియాటిన్ అని పలికే క్రియాటినిన్‌ని కాస్త దగ్గరగా చూడాలి.

క్రియాటినిన్ కండరాల నుంచి రక్తంలోకి చేరే వ్యర్థం. కిడ్నీ సరిగా వడకట్టకపోతే పేరుకుంటుంది. చాలా ల్యాబుల్లో దీన్ని కొలిచేది పిక్రిక్ ఆమ్లం కలిపి నారింజరంగు తెప్పించే జాఫే పద్ధతిలో. చవక, వేగం. కానీ ఆ రంగు క్రియాటినిన్ కాని మరికొన్ని పదార్థాలతోనూ వస్తుంది, అంకె కాస్త పైకి జరుగుతుంది. ఎంజైముతో కొలిచే పద్ధతి ఖచ్చితం, ఖరీదు. ఇప్పుడు సోంపేటలో నలభై ఐదేళ్ల జీడి కార్మికురాలిని తీసుకోండి. ఒక ల్యాబు ఆమెకి 1.2 అంటుంది. వయసునీ లింగాన్నీ కలిపి లెక్కగట్టే 2009 నాటి సూత్రంలో వేస్తే ఆమె కిడ్నీ వడపోత వేగం సుమారు 55. అరవై లోపు, అంటే జబ్బు ఉన్నట్టు. అదే రక్తానికి ఇంకో ల్యాబు 1.0 అంటే వడపోత వేగం 68. జబ్బు లేనట్టు. పాయింటు రెండు తేడా వస్తే ఒక మనిషి రోగుల జాబితాలోంచి లేచి బయటికి నడిచి వెళ్లిపోతుంది. వెయ్యిమందిలో ఇలా ఎంతమంది లోపలికీ బయటికీ తిరుగుతారో ఆలోచించండి. దీనికి తోడు, బక్కపలచని మనిషికి కండ తక్కువ కనుక క్రియాటినిన్ కూడా తక్కువే పుడుతుంది. కాగితం మీద మామూలుగా కనిపించే అంకె వెనక జబ్బు నక్కి ఉండొచ్చు.

ఇంకో చిక్కు. మూడు నెలల తేడాతో రెండుసార్లు పరీక్షించి, రెండుసార్లూ తేడా కనిపిస్తేనే దీర్ఘకాలిక వ్యాధి అనాలి. ఎండలో పనిచేసి వచ్చిన మనిషి రక్తం సాయంత్రం ఒక్కసారి తీస్తే ఆ పూట వచ్చిన అంకె ఆ పూటదే. ఒకరు ఒక్కసారి చూసి లెక్కపెట్టారు, ఇంకొకరు రెండుసార్లు చూశారు. ఒకరు 1.2 దాటినవాళ్లని అన్నారు, ఇంకొకరు వడపోత 60 లోపు అన్నారు, వేరొకరు మూత్రంలో ప్రొటీన్‌ని కూడా కలిపారు. అందుకే ఉద్దానంలో జబ్బు ఎంతమందికి ఉందంటే ఏళ్ల తరబడి నోటికొచ్చిన శాతాలు తిరిగాయి. ఎవరి శాతం వాళ్లకి నిజమే.

మలుపు 2019, 2020ల్లో వచ్చింది. విశాఖ నెఫ్రాలజిస్టు, అంతకుముందు ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసిన తాతపూడి రవిరాజు బృందం రెండువేల రెండు వందల మందికి పైగా పరీక్షించి, సుమారు 18 శాతంలో వడపోత 60 లోపు పడిందని రాసింది. ఆ పత్రం రచయితల్లో హార్వర్డ్‌కి చెందిన అజయ్ సింగ్ ఉన్నారు. మరుసటి ఏడాది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున బాలాజీ గుమ్మిడి, వివేకానంద్ ఝా తదితరులు ఇంచుమించు అంతమందినే పరీక్షించి 21 శాతం దగ్గర తేల్చారు. సిడ్నీలోని న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న సంస్థ అది. రెండు బృందాలు విడివిడిగా వెళ్లి దగ్గరదగ్గర అంకెలతో తిరిగొచ్చాయి. ఉద్దానం మీద గట్టిగా నిలబడి మాట్లాడటానికి నేల దొరికింది అప్పుడే. రెండు పత్రాలూ అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం నడిపే ఒకే పత్రికలో, డబ్బు కట్టకుండా ఎవరైనా చదవగలిగేలా వచ్చాయి. ఇది చిన్న సంగతి కాదు. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివే పిల్లాడు కూడా ఫోన్‌లో తెరిచి, ఎవరు ఎవరిని ఎలా లెక్కపెట్టారో పోల్చుకోవచ్చు. జ్ఞానం పంచుకోవడం అంటే సభలో శాలువాలు కప్పుకోవడం అని అనుకునేవాళ్లకి ఇది అంత ఘనంగా కనిపించకపోవచ్చు.

పంచుకోకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి డాన్యూబ్ నది ఉపనదుల ఒడ్డున ఉంది. దీన్ని కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. బల్గేరియా, రొమేనియా, అప్పటి యుగోస్లావియా పల్లెల్లో ఒక ఇంట్లో ఉండి పక్కింట్లో ఉండని, ఒక ఊళ్లో ఉండి పొరుగూళ్లో ఉండని కిడ్నీ జబ్బును 1950ల మధ్యలో వైద్యులు వర్ణించారు. నాళాలు దెబ్బతినడం, మెల్లగా ముదరడం, అన్నీ మన ఉద్దానంలాగే. నీళ్లని అనుమానించారు, బొగ్గుని అనుమానించారు, బూజునీ వైరస్‌నీ అనుమానించారు. 1969లో ఇవిచ్ అనే యుగోస్లావియా పరిశోధకుడు ఒక కలుపు మొక్క పేరు చెప్పాడు. గోధుమ చేలల్లో పెరిగే అరిస్టలోకియా గింజలు కోతలో గోధుమల్లో కలిసి, పిండిలో కలిసి, రొట్టెలో కలిసి ఒంట్లోకి పోతున్నాయని. చెప్పింది సొంత భాషలో, స్థానిక వైద్య పత్రికలో. దాన్ని ప్రపంచం పట్టించుకోలేదు.

పాతికేళ్లు గడిచాయి. 1993లో బెల్జియంలో బ్రసెల్స్ వైద్యుడు వాన్‌హెర్వెగెమ్ బృందానికి ఒక వింత తగిలింది. యాభై ఏళ్లు నిండని ఆడవాళ్లకి ఉన్నట్టుండి కిడ్నీలు పోతున్నాయి. అందరూ సన్నబడటానికి ఒకే క్లినిక్‌లో చైనా మూలికలు తిన్నవాళ్లు. ఒక మూలిక బదులు పొరపాటున వేరే మూలిక కలిసింది. కలిసింది అరిస్టలోకియా జాతి మొక్కే. బ్రసెల్స్ కిడ్నీ ముక్కలు, బాల్కన్ కిడ్నీ ముక్కలు సూక్ష్మదర్శిని కింద అక్కాచెల్లెళ్లలా కనిపించాయి. అప్పుడుగానీ ఇవిచ్ మాట ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ గ్రోల్‌మన్, క్రొయేషియాలోని జాగ్రెబ్ విశ్వవిద్యాలయ వైద్యులతో కలిసి, రోగుల కిడ్నీ డీఎన్‌ఏకి ఆ మొక్క విషం అతుక్కుని ఉన్న గుర్తుల్ని పట్టుకున్నాడు. ఆ పత్రం వచ్చింది 2007లో. జబ్బును వర్ణించిన యాభై ఏళ్లకి. కారణం పేరు చెప్పిన ముప్పై ఎనిమిదేళ్లకి.

ఈ ముప్పై ఎనిమిదేళ్లూ ఒక విశ్వవిద్యాలయానికీ ఇంకో విశ్వవిద్యాలయానికీ మధ్య పోయిన కాలం. జాగ్రెబ్ దగ్గర రోగులున్నారు, కిడ్నీ ముక్కలున్నాయి. స్టోనీబ్రూక్ దగ్గర డీఎన్‌ఏ మీద ఆనవాలు పట్టే విద్య ఉంది. బ్రసెల్స్ దగ్గర పోలిక ఉంది. ఒక్కరి దగ్గర మూడూ లేవు. మాటల్లో మాట: ఆ జాతి మొక్కలు మనకి కొత్తవేమీ కాదు. ఈశ్వరి, గాడిదగడపాకు ఆ కుటుంబంవే. ఉద్దానం జబ్బుకు అవే కారణమని ఎవరూ తేల్చలేదు, నేనూ అనడం లేదు. కానీ నాటు మందుగా అవి మింగేవాళ్లు వాటి చరిత్ర తెలుసుకుని మింగితే మంచిది.

ఇప్పుడు ఇలాంటి జబ్బు ఉన్నది మనకొక్కరికే కాదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకి 1990ల నుంచే ఉంది. ఎల్ సాల్వడార్‌లో త్రబనినో బృందం 2002లో దాని గురించి రాసింది. నికరాగువాలోనూ చెరకు నరికే కూలీలకు అదే తంతు. అక్కడ బలంగా వినిపించే అనుమానం ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఎండిపోవడం. అందుకే చెరకు తోటల్లో నీళ్లు, నీడ, విశ్రాంతి అనే మూడింటిని పనివేళల్లోకి తెచ్చి చూస్తున్నారు. మరి ఆ మాట ఉద్దానానికి అతుకుతుందా? అక్కడ రోగుల్లో మగవాళ్లే ఎక్కువ. రవిరాజు బృందం లెక్కల్లో ఉద్దానం ఆడవాళ్లూ మగవాళ్లూ ఇంచుమించు సమానం. అక్కడ నీడలేని చెరకు తోటలు, ఇక్కడ కొబ్బరి నీడ. అక్కడి జవాబు తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు. అలాగని విసిరేయడమూ కుదరదు, పలాస జీడిపప్పు పరిశ్రమలో బట్టీల దగ్గర కూర్చునే ఆడవాళ్ల వేడి సంగతి ఎవరు కొలిచారు గనక?

ఇలాంటి ప్రశ్నకి జవాబు రావాలంటే రెండు చోట్లా ఒకే కొలబద్దతో కొలవాలి. లండన్‌లో నీల్ పియర్స్, బెన్ కాప్లిన్ తదితరులు డిగ్రీ అనే పేరుతో ప్రతిపాదించిన పద్ధతి సరిగ్గా ఇదే. ఏ దేశంలోనైనా ఒకే ప్రశ్నలు, ఒకేలా ఎంపిక, క్రియాటినిన్‌ని అంతర్జాతీయ ప్రామాణికానికి సరిచూసిన పద్ధతిలోనే కొలవడం. వినడానికి చప్పగా ఉంటుంది. అవార్డు రాదు, పేటెంటు రాదు. ఉద్దానానికి పదిహేనేళ్ల ముందే కావాల్సింది ఇదే.

ఇష్టముంటే విశ్వవిద్యాలయాలు ఎంత వేగంగా పంచుకోగలవో 2020 జనవరి 11న లోకమంతా చూసింది. షాంఘై ఫుదాన్ విశ్వవిద్యాలయంలో జాంగ్ యోంగ్‌జెన్ బృందం చదివిన కరోనా వైరస్ జన్యుక్రమాన్ని సిడ్నీ విశ్వవిద్యాలయంలోని ఎడ్వర్డ్ హోమ్స్ ఆ రోజే అందరికీ బయటపెట్టాడు. కొద్ది రోజుల్లోనే పరీక్షలు తయారయ్యాయి, టీకాల పని మొదలైంది. కోవిడ్ దేశాధినేతల తలుపు కూడా తట్టింది మరి. ఉద్దానం జబ్బు కొబ్బరి తీసేవాళ్ల ఇంటికే వస్తుంది, అదీ చప్పుడు చేయకుండా.

మన నేల మీద కూడా ఒక మంచి ఉదాహరణ ఉంది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు వంగిపోయి, కీళ్లు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, నీళ్లలోని ఫ్లోరైడే దీనికి కారణమని రాశారు. వాళ్లకి ఏం వెతకాలో తెలుసు. అంతకు ఆరేళ్ల ముందు అమెరికాలో పళ్ల మీద మచ్చలకి నీళ్లలోని ఫ్లోరైడు కారణమని చర్చిల్ అనే రసాయనవేత్త పట్టుకుని ప్రచురించాడు. అక్కడి పళ్ల సంగతి ఇక్కడి ఎముకల సంగతిని విప్పింది. అప్పట్లో కాగితం ఓడ మీద వచ్చేది.

ఉద్దానం ఊళ్లలో ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది: వచ్చారు, రక్తం తీశారు, మళ్లీ రాలేదు. పరిశోధకుల వైపు నుంచి చూస్తే దీనికి కారణాలుంటాయి. గుర్తింపు దాచిన నమూనాలో ఎవరిది ఏదో వెనక్కి చెప్పడం కష్టం. కొన్ని పరీక్షలు మనిషికి అర్థమయ్యే జవాబివ్వవు. విదేశీ సంస్థతో కలిసి పనిచేయాలంటే ఐసీఎంఆర్ దగ్గరి స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, అది సరైన నిబంధనే. కానీ క్రియాటినిన్ ఫలితాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసి ఆశా కార్యకర్త చేత ఇంటికి పంపడానికి ఏ నిబంధనా అడ్డం రాదు. ఊరికి జవాబు చెప్పని పరిశోధకుడికి రెండోసారి ఊరు చెయ్యి చాపదు. అప్పుడు వచ్చేవాళ్లని మాత్రమే లెక్కపెట్టాల్సి వస్తుంది, లెక్క మళ్లీ వంకర పోతుంది. అంటే ఊరితో పంచుకోవడం మర్యాద కోసం మాత్రమే కాదు, లెక్క నిలబడటానికి కూడా.

ఇక దగ్గరివాళ్ల సంగతి. 1923లో పుట్టిన ఆంధ్ర వైద్య కళాశాల, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో ఉన్నాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల, ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2023లో విజయనగరంలో ఇంకో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 14న పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. డయాలసిస్ కోసం తెల్లవారుజామున విశాఖ రైలెక్కాల్సిన అవసరం చాలామందికి తప్పింది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ పరిశోధన అంటే భవనం మీది బోర్డు కాదు. రక్తాన్ని మైనస్ 80 డిగ్రీల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచే ఫ్రీజర్, కరెంటు పోతే నడిచే జనరేటర్, ఏ సీసా ఎవరు ఎప్పుడు తీశారో రాసే పుస్తకం, ఆ పుస్తకాన్ని ఇంకో విశ్వవిద్యాలయం అడిగితే ఏ షరతుల మీద ఇవ్వాలో తేల్చే కమిటీ. ఇవి పలాసలో ఉంటే హార్వర్డ్‌వాళ్లూ లండన్‌వాళ్లూ పలాస రావాలి. లేకపోతే సీసాలే ఎప్పటిలా బయటికి వెళ్తాయి.

తొందర ఎందుకంటే, ఉద్దానంలో ఇప్పుడు ఒక పెద్ద ప్రయోగం జరిగిపోతోంది, ఎవరూ దాన్ని ప్రయోగం అని పిలవకుండానే. వంశధార నీటిని హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో తెచ్చి 807 గ్రామాలకి అందించే 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా 2023 డిసెంబరులోనే ప్రారంభించారు. తరాలుగా నుయ్యి, బోరు నీళ్లు తాగిన మనుషులు నది నీళ్లకి మారుతున్నారు. జబ్బుకి కారణం నీళ్లలోనే ఉంటే, ఇంకో పదేళ్లలో కొత్తగా జబ్బుపడేవాళ్లు తగ్గాలి. లేకపోతే నీళ్లని వదిలేసి వేరే చోట వెతకాలి. ఏ సంగతీ తేలాలంటే నీళ్లు మారకముందు ఏ ఊళ్లో ఎంతమందికి ఎంత క్రియాటినిన్ ఉందో తెలియాలి. ఆ అంకెలు ఉన్నాయి, 2017 నాటి ప్రభుత్వ పరీక్షల్లో కొన్ని, రవిరాజు బృందం దగ్గర కొన్ని, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర కొన్ని. అదే ఊళ్లలో, అదే మనుషుల్ని, అదే పద్ధతిలో మళ్లీ పరీక్షించాల్సిన సమయం నడుస్తోంది. ఏ ఊరికి గొట్టం ఏ నెలలో వచ్చిందో రాసి పెట్టుకోవాల్సింది గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజినీర్లు. ఆ తేదీల జాబితా వైద్య కళాశాలకి చేరాలి. శ్రీకాకుళంలో ఆ రెండు కార్యాలయాలకీ మధ్య దూరం ఆటోలో వెళ్లేంతే.